చేతుల పగుళ్ళకు ఇంటి లేపనం

వరంగల్ కొత్తవాడ అనగానే జంపఖానాలు గుర్తుకు వస్తాయి. 2018లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ వాడలో మగ్గం నేసేవారి వేళ్ళు, పల్లెల్లో పాలు పితికే మన సభ్యుల వేళ్ళు చలికాలం వచ్చేసరికి ఒకే తీరుగా పగులుతాయి. వారికి నూలు రాపిడి, రంగునీళ్ళు. మనకు తెల్లవారుజామున చన్నీళ్ళు, పాలక్యాన్లు కడిగే సోడా. సోడా గిన్నెల జిడ్డుతో పాటు చర్మంలో ఉండే సహజమైన జిడ్డును కూడా తీసుకుపోతుంది. దానితో చర్మం ఎండి చీలుతుంది.

ఇది చేతి నొప్పితో పోయే విషయం కాదు. పగుళ్ళలో స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి కాపురం పెడుతుంది. పితికేటప్పుడు అది చేతి నుండి చన్నుకు, ఒక గేదె నుండి మరొక గేదెకు చేరుతుంది. పొదుగువాపును కలిగించే ముఖ్యమైన సూక్ష్మజీవులలో ఇది ఒకటి. పొదుగువాపు వచ్చిన పశువు పాలు తగ్గడం, ఆ పాలు సంఘంలో పోయలేకపోవడం, మందుల ఖర్చు మన సభ్యులకు తెలియనివి కావు. కనుక చేతులను బాగుచేసుకోవడం కూడా పశుపోషణలో భాగమే.

ఇందుకు కావలసిన వస్తువులు చాలావరకు మన ఇంట్లోనే ఉన్నాయి. అయితే చాలామంది చేసే తప్పు ఒకటుంది. మీగడలో పసుపు కలిపి సీసాకు ఎత్తి వారం రోజులు వాడుకోవచ్చుననుకుంటారు. మా ఇంట్లో ఒకసారి అలాగే చేశాము. నాలుగవ రోజుకు సీసాలో పచ్చని బూజు కనిపించింది. ఎందుకు? వెన్నను నెయ్యిగా ఎందుకు కాస్తామో ఆలోచిస్తే తెలిసిపోతుంది. వెన్నలో ఇంచుమించు 16 శాతం నీరు ఉంటుంది. మీగడలో ఇంకా ఎక్కువ. నీరు ఉన్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. బాగా కాచిన నెయ్యిలో నీరు అర శాతానికి మించదు కనుకనే అది నెలల తరబడి నిలుస్తుంది. చర్మానికి రాసే వాటికీ ఇదే సూత్రం. నీరు లేనిది నిలవ చేయవచ్చు. పాలు, పెరుగు, మీగడ కలిసినది ఆ పూటకే కలుపుకుని, మిగిలితే పారవేయాలి.

నిలవ ఉండే లేపనానికి కొబ్బరి నూనె గాని, నువ్వుల నూనె గాని 60 గ్రాములు, నెయ్యి 20 గ్రాములు, తేనెమైనం 20 గ్రాములు తీసుకోండి. నెయ్యి ఖరీదైనది కనుక అంతకంటె ఎక్కువ వేయనక్కరలేదు. గిన్నె అడుగున మిగిలే గసి మాత్రం వాడవద్దు. అందులోని పాలపదార్థం త్వరగా చెడుతుంది. ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, అందులో చిన్న గిన్నె పెట్టి, నూనె, మైనం వేయండి. మైనం 62 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక కరుగుతుంది కనుక నేరుగా మంట మీద పెట్టవలసిన పని లేదు. అలా పెడితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మైనం పూర్తిగా కరిగాక నెయ్యి కలిపి, పొడిగుడ్డతో వడగట్టి, తడి లేని డబ్బాలో పోయాలి. పోసే ముందు ఒక చుక్క స్టీలు చెంచా మీద వేసి చల్లారనివ్వండి. మరీ పలుచగా ఉంటే ఇంకొంచెం మైనం, రాయిలా గట్టిపడితే ఇంకొంచెం నూనె. మన ఎండాకాలంలో నెయ్యి, కొబ్బరి నూనె రెండూ నీరైపోతాయి కనుక ఆ నెలల్లో మైనం 5 గ్రాములు పెంచుకోవాలి. డబ్బాలో తడివేలు పెట్టకుండా పొడి చెంచాతో తీసుకోవాలి.

రాసుకునే వేళ కూడా ముఖ్యం. జిడ్డుచేతితో నూలు ముట్టుకుంటే మరక పడుతుంది. పాలకు అంతకంటె చెడుగుణం ఉంది, అవి చుట్టూ ఉన్న ప్రతి వాసననూ పీల్చుకుంటాయి. అందుచేత లేపనంలో కర్పూరం, అత్తరు వంటివి కలపవద్దు. సాయంత్రం పాలు పితికి, సంఘంలో పోసి వచ్చి, చేతులు కడిగి తుడుచుకుని, పడుకోబోయే ముందు రాసుకోండి. ఉదయం సబ్బుతో కడిగిన తరువాతనే పొదుగును ముట్టాలి. పితికేటప్పుడు చన్నులకు ఈ లేపనం గాని, నూనె గాని రాయకూడదు.

నెయ్యిని నీటితో నూరుసార్లు కడిగి తెల్లని వెన్నలా చేసే శతధౌత ఘృతం ఆయుర్వేదంలో ఉన్నది. చల్లగా, హాయిగా ఉంటుంది. అందులో నీరు నిలిచి ఉంటుంది కనుక కొద్దికొద్దిగా చేసుకుని వెంటనే వాడుకోవాలి. నూరుసార్లు కడిగే ఓపిక, తీరిక మన సభ్యురాండ్రకు ఎక్కడిదన్నది వేరే మాట!

పెళ్ళిళ్ళకు, పండుగలకు పెట్టుకునే నలుగుపిండి పొడిగా ఉంటుంది కనుక చాలాకాలం నిలుస్తుంది. పెసరపిండి, శనగపిండి, కొద్దిగా పసుపు చాలు. పసుపుకొమ్ములు కొని దంపించుకోవడం మంచిది. విడిగా అమ్మే పొడిలో రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కలుపుతున్న సంగతి చాలాచోట్ల బయటపడింది. బావంచాలు వేసే అలవాటు ఉన్నవారు మానుకోవడమే మేలు. అవి రాసుకుని ఎండలో పొలానికి పోతే చర్మం కమిలి నల్లబడవచ్చు. నిమ్మరసం కూడా అటువంటిదే. పిండి కలపడానికి పచ్చిపాలు వాడవద్దు. చూడి పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ పచ్చిపాల ద్వారా, చర్మంపై గాట్ల ద్వారా మనుషులకు సోకుతుంది. కాచి చల్లార్చిన పాలు వాడాలి.

కొన్నవన్నీ చెడ్డవని చెప్పడం మా ఉద్దేశం కాదు. మందులషాపులో దొరికే మామూలు పెట్రోలియం జెల్లీ పగుళ్ళకు ఈ లేపనమంత బాగానే పనిచేస్తుంది. భయపడవలసింది తెల్లబరిచే క్రీములకు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని విచారించగా, వారు వాడిన ఊరూపేరూ లేని క్రీముల్లో పాదరసం బయటపడింది.

ఏది చేసినా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దురు వస్తే వాడవద్దు. చీము పట్టిన పగుళ్ళకు, చక్కెరవ్యాధి ఉన్నవారి మడమ పగుళ్ళకు ఇంటి వైద్యం పనికిరాదు, డాక్టరుకు చూపించాలి. చన్నుల మీద పొక్కులున్న పశువును పితికాక చేతి మీద గడ్డలు లేస్తే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

లేపనం మూడు నెలలకు సరిపడా చేసుకుంటే చాలు. ముక్కవాసన వచ్చినది చేతికి రాయవద్దు. కొట్టం తలుపు బందులకు రాస్తే కిర్రుమనకుండా ఉంటాయి.