బొట్టుబొట్టుగా దిగే ద్రవాలు

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు గట్టున ఉన్న పేట అమ్రోలి. అక్కడ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, ముఖానికి రాసుకునే గులాబీ నీరు బజారులో బాహాటంగా దొరుకుతాయి. వాటికి తోబుట్టువైన సారాను మాత్రం పైకి అడగరాదు. 1960లో అవతరించిన నాటి నుండి గుజరాత్ మద్యనిషేధ రాష్ట్రం.

ఈ మూడింటి పుట్టుక ఒక్కటే. ద్రవాన్ని కాచి, లేచిన ఆవిరిని చల్లార్చి, బొట్టుబొట్టుగా పట్టుకోవడమే. మన పాఠ్యగ్రంథాలు దీనిని స్వేదనమన్నాయి; స్వేదమంటే చెమట. విచిత్రమేమంటే అరబ్బీ 'అరఖ్' కూడా చెమటే. ఇంగ్లీషు వారి 'అరాక్' దాని బిడ్డ. పాత్ర మూతకు పట్టిన తడి ఎవరి కంటికైనా చెమటగానే తోచింది కాబోలు! ఇక ఇంగ్లీషులో 'స్పిరిట్' అంటే ఆత్మ, మద్యం కూడాను. అనువాదకుల పాలిట అదొక తలనొప్పి.

గులాబీ రేకులను నీటిలో కాచితే ఆవిరి పరిమళాన్ని మోసుకువస్తుంది. పెళ్లిళ్లలో బుడ్డితో చిలకరించే పన్నీరు అదే. నీటిలోని లవణాలు మాత్రం ఆవిరి వెంట రాలేక అడుగునే ఉండిపోతాయి. బ్యాటరీ పలకలకు కుళాయి నీటి లవణాలు చేటు గనుకనే డిస్టిల్డ్ వాటరు కావాలి. (నేడు బట్టీ పెట్టకుండా లవణాలు తొలగించిన నీటిని ఈ పనికే అమ్మడమూ కద్దు.)

ఇక్కడే ఒక ప్రమాదకరమైన భ్రమ పుడుతుంది: బట్టీలో కాగి దిగినదంతా శుద్ధమేనని. నీరు మరిగేది 100 డిగ్రీల వద్ద. సారాలోని ఇథైల్ ఆల్కహాలు 78 వద్ద. కార్ఖానాలలో వాడే మిథైల్ ఆల్కహాలు సుమారు 65 వద్ద. ఉప్పు అడుగున మిగులుతుంది గాని ఈ విషం అందరికంటే ముందే లేచి వస్తుంది. రంగు లేదు, వాసన కూడా ఇంచుమించు సారా వాసనే.

బతుకుతెరువుకై తెలంగాణ నుండి సూరత్ మగ్గాలకు తరలిన మన నేతకారులకు సారా అన్న మాట కొత్త కాదు. గుజరాతీ పత్రికలలోని 'లఠ్ఠాకాండ్' అన్న మాట మాత్రం అక్కడే వినివుంటారు. కల్తీసారా చావులకు అక్కడి పేరది. 2009లో అహ్మదాబాదులో నూరుమందికి పైగా మరణించారు. 2022 జూలైలో బోటాద్ ప్రాంతంలో నలభైమందికి పైగా పోయారు. అక్కడ సారా పేరిట అమ్మినది నీళ్లు కలిపిన మిథైల్ ఆల్కహాలే. అది ఏ సారాబట్టీలోనూ దిగినది కాదు.

కాలేయం దానిని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చీమ కాటులో ఉండేది అదే ఆమ్లం. అది మొదట చూపును హరిస్తుంది. తాగిన వెంటనే సాధారణమైన మత్తే. కళ్లు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం పన్నెండు గంటలకో, మర్నాటికో బయటపడతాయి. నిద్రపోతే తగ్గుతుందని పడుకోబెట్టిన ఇంట్లో ఆ గంటలే వృథా అవుతాయి. ఆస్పత్రిలో వైద్యులు విరుగుడుగా ఫోమెపిజోల్ అనే మందునో, అది లేనిచోట కొలత ప్రకారం శుద్ధమైన ఇథైల్ ఆల్కహాలునో ఇస్తారు. కాలేయం మొదట దాని పని పడుతుంది. ఈలోగా డయాలిసిస్ యంత్రం రక్తంలోని విషాన్ని తోడివేస్తుంది.