రాసింది చేరిందో లేదో చూసుకుంటున్నారా?

వంటలు, ముగ్గులు, అమ్మమ్మ చెప్పిన కథలు... ఏదో ఒకటి రాసుకోవడానికి సొంతంగా చిన్న వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. రాయడం వరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే!

నా సైట్‌లో మా అత్తగారి పచ్చళ్ల కొలతలున్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వాటిని ఫీడ్ ద్వారానే చదువుతుంది. 'వదినా, ఈమధ్య ఏమీ పెట్టడం లేదేం?' అని అడిగిందంటే ఎక్కడో తేడా వచ్చిందన్నమాటే. అందుకే ఈ మరమ్మతులు నేనే నేర్చుకున్నాను. బ్రహ్మవిద్యేం కాదు!

ఫీడ్ అంటే సైట్‌లో కొత్తగా ఏం వచ్చిందో చెప్పే చిన్న ఫైలు. దీన్నే ఆర్ఎస్ఎస్ అంటారు (పేరు చూసి మరోటి అనుకునేరు!). 1999లో నెట్‌స్కేప్ సంస్థ మొదలుపెట్టింది. 2013లో గూగుల్ రీడర్ మూతపడ్డా ఫీడ్ మాత్రం పోలేదు. పాడ్‌కాస్ట్‌లు చాలావరకు నడిచేది దీనిమీదే.

ముందు ఫైలు వెళ్లిందా?

కొత్త పోస్టు కనిపించకపోతే వెంటనే ఫీడ్ జోలికి వెళ్లకండి. ఫైలు సర్వర్‌కు చేరిందో లేదో చూడండి. బ్రౌజర్ దాచుకున్న పాత పేజీనే చూపిస్తుండొచ్చు. ప్రైవేట్ విండోలో తెరిస్తే తెలిసిపోతుంది. బొమ్మ ఒక్కటే రావడం లేదా? దాని పేరు చూడండి. విండోస్‌కు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా పట్టదు. సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్‌కు ఆ పట్టింపు ఎక్కువ! పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

సింక్ వేరు, దాచుకోవడం వేరు

ఫైళ్లు పంపడానికి నేను వాడేది ఆర్‌సింక్. 1996లో వచ్చిన ఈ ఉచిత ప్రోగ్రాం మారిన భాగాన్నే పంపుతుంది కాబట్టి పని త్వరగా అయిపోతుంది. కానీ 'డిలీట్' ఆప్షన్ పెడితే, మన దగ్గర లేని ఫైళ్లను అక్కడా తీసేస్తుంది. ఖాళీ ఫోల్డర్ చూపించామా, సైటంతా ఖాళీ! అందుకే ముందు 'డ్రై రన్' పెట్టి, ఏమేం పోతాయో జాబితా చూసుకున్నాకే అసలు పని మొదలుపెడతాను. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో మరో నకలు తీస్తాను. అత్తగారి కొలతలు పోతే మళ్లీ చెప్పేవాళ్లెవరు?

ఫీడ్‌లో ఇవి చూడండి

* 'అండ్' గుర్తును నేరుగా రాస్తే ఫీడ్ మొత్తం ఆగిపోవచ్చు. దాని పక్కన ఇంగ్లిషులో ఎ, ఎం, పి అక్షరాలు, సెమీకోలన్ చేర్చాలి.

* తేదీ ఇంగ్లిషులోనే ఉండాలి. మన సమయానికి చివర +0530 రాయాలి. +0000 అని ఉంటే పోస్టు అయిదున్నర గంటల తర్వాత రాసినట్టు లెక్క! కొన్ని రీడర్లలో వరస తప్పుతుంది.

* ప్రతి పోస్టుకూ జీయూఐడీ అనే గుర్తింపు ఉంటుంది. దాన్ని మారిస్తే పాత పోస్టులన్నీ కొత్తవిగా మళ్లీ వెళతాయి.

* తెలుగు బదులు పిచ్చిగీతలు వస్తుంటే ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయండి.

ఇవన్నీ వెతికే ఓపిక లేదా? డబ్ల్యు3సీ సంస్థ వారి ఫీడ్ వాలిడేటర్‌లో చిరునామా ఇవ్వండి. తప్పు ఏ వరసలో ఉందో అదే చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా పోస్టు రాలేదని కంగారుపడకండి. రీడర్లు ఫీడ్‌ను క్షణక్షణం చూడవు, కాస్త ఆగాలి. ఇంకో మాట... ఏదైనా రీడర్‌లో మీ సైట్‌కు మీరే చందాదారుగా చేరండి. ఎక్కడ ఆగిందో చదివేవాళ్లకంటే ముందు మీకే తెలుస్తుంది!