కూపర్ బ్లాక్: ఒక బొద్దు అక్షరం జీవితం

షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ, అనగా సీసపు మిశ్రమంతో అచ్చక్షరాలు పోతపోసే కర్మాగారం, 1922లో కూపర్ బ్లాక్ అనే అక్షరమాలను విడుదల చేసింది. దానిని గీసిన ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్ (1879–1940) అక్షరశిల్పి ఫ్రెడరిక్ గౌడీ వద్ద చదువుకొని, ఫ్రెడ్ బెర్ట్ష్‌తో కలిసి నడిపిన సంస్థలో ప్రకటనలకు చేతితో అక్షరాలు రాసినవాడు కనుక, ఈ అక్షరాల్లో ఉలి పదునుకన్నా కుంచె మెత్తదనమే ఎక్కువగా కనిపిస్తుంది.

లావు అక్షరాలు పందొమ్మిదో శతాబ్దపు గోడప్రకటనల్లోనే విరివిగా ఉండేవి, కాని వాటి మూలలు పదునైనవి. రోమన్ అక్షరపు నిలువుగీత చివర అడ్డంగా చేర్చే చిన్న పాదాన్ని సెరిఫ్ అంటారు. దానిని కూపర్ ఉబ్బిన దిండు మూలలా గుండ్రం చేశాడు. గుండ్రని అక్షరం అడుగుగీత దగ్గరే ఆగితే పక్కవాటికన్నా పొట్టిగా తోస్తుంది గనుక, ఆంగ్లపు ‘ఓ’ వంటి వాటిని శిల్పులు ఆ గీతను కాస్త దాటించి గీస్తారు. దీనికి ఓవర్‌షూట్ అని పేరు. కూపర్ బ్లాక్‌లో నిలువు అక్షరాల అడుగు కూడా గుండ్రమే కావడంతో, పేర్పులో ఒక అక్షరం వెంట్రుకవాసి పైకో కిందికో జరిగినా ఆ తేడాను కన్ను పట్టుకోలేదు. పనివాడి చేతి పొరపాటును క్షమించే అక్షరం వ్యాపారులకు నచ్చడంలో వింత లేదు.

లోహపు అక్షరం తన దిమ్మె వెడల్పుకు కట్టుబడి ఉంటుంది. అక్షరాలను ఫిల్ముపై కూర్చే ఫోటో కంపోజింగ్, కాగితంపై రుద్ది అంటించే అక్షరాల షీట్లు వచ్చాక ఆ కట్టు తెగి, బొద్దు అక్షరాలు ఒకదానికొకటి ఆనుకొని కూర్చోగలిగాయి. 1966లో బీచ్ బాయ్స్ బృందపు ‘పెట్ సౌండ్స్’ రికార్డు అట్టపై, 1970ల టీషర్టులపై, తరువాత ఈజీజెట్ విమానాలపై ఈ అక్షరమే వెలసింది.

అంగడి బోర్డు, పిల్లల పుస్తకపు అట్ట, మిఠాయి పొట్లం దీని సహజ స్థానాలు. చిన్న పరిమాణంలో అక్షరం లోపలి ఖాళీలు సిరాతో పూడుకుపోతాయి గనుక పుస్తకపు లోపలి పుటలకు ఇది పనికిరాదు. సంతాప ప్రకటనకు అసలే తగదు.

ఇటువంటి బొద్దు అక్షరాన్ని తెలుగులో గీయబోతే, లిపికి గుండ్రదనం పుట్టుకతోనే ఉన్నందువల్ల చిక్కంతా లావు చేయడంలోనే ఉంది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన, కవి అయ్యలరాజు రామభద్రుని పేరు పెట్టుకున్న రామభద్ర ఫాంటులో మందపు గీతలు, గుండ్రని కొసలు కనిపిస్తాయి. అటువంటి ఫాంటును గీసేవారు ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే సకారానికి, దాని నెత్తిన గుడిదీర్ఘానికి, తవొత్తుకు, రవొత్తుకు నలుపు ముద్ద కాకుండా చోటు చూపాలి.