నొప్పి ఉన్నదని చెప్పుట అవిశ్వాసము కాదు



మా స్త్రీల వార్డులో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసము మొదలుపెడుతున్నాము. పేరు, ఊరు చెప్పము. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అమ్మగారు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకి మా దగ్గర చేరారు. రౌండ్సులో "అమ్మా, నొప్పి ఎలా ఉంది?" అని అడిగినప్పుడెల్లా "దేవుని కృపవలన బాగానే ఉన్నానమ్మా" అనేవారు. కాని నైట్ డ్యూటీ సిస్టరు, ఆమె దుప్పటి అంచు నోట్లో పెట్టుకొని పళ్ళు బిగించి పడుకొనుట చూచింది. మూడు రాత్రులు అలాగే గడిచాయి. నాలుగవ రాత్రి సిస్టరు మంచము ప్రక్కన స్టూలు వేసుకొని కూర్చొని, చెయ్యి పట్టుకొని అడిగితే అప్పుడు చెప్పారు: "నొప్పి అంటే నా విశ్వాసము తగ్గిందనుకుంటారు తల్లీ. మా వీధి కూడికలో అందరికీ ధైర్యము చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు నేనే మూలిగితే వాళ్ళేమనుకుంటారు?"

ఈ మాట తెలిసి మేము సిగ్గుపడ్డాము. మూడు రోజులు ఆమె "బాగానే ఉన్నాను" అన్న మాటనే చార్టులో వ్రాసుకొని తరువాతి మంచానికి వెళ్ళిపోయినది మేమే గదా.

ఇది ఆ ఒక్క అమ్మగారి తలంపు కాదు. మన సంఘ కుటుంబాలలో చాలామంది ఇలాగే అనుకొంటారు. ఏడిస్తే నిరీక్షణ లేనట్లు, మాత్ర వేసుకొంటే నమ్మకము లేనట్లు, ముసలితనములో ఒకరి సహాయము అడిగితే ఇంటికి భారమైనట్లు భావిస్తారు. అందుకే దుఃఖము, నొప్పి, ముసలితనము అను ఈ మూడింటిని గూర్చి మా వార్డులలో చూచినవి, నేర్చుకొన్నవి మీతో పంచుకొంటున్నాము.

దుఃఖము

మేము కొత్తగా డ్యూటీలో చేరిన రోజులలో, బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లితో "ఏడవకమ్మా, అంతా దేవుని చిత్తము" అన్నాము. మంచి మాటే చెప్పామనుకొన్నాము. ఆమె తల త్రిప్పి మావైపు చూచిన చూపు ఈనాటికీ మరచిపోలేదు. ఆ సమయములో ఆమెకు కావలసినది మా మాట కాదు, ప్రక్కన ఒక మనిషి.

బేతనియలో లాజరు సమాధి యొద్ద ప్రభువు ఏమి చేసెనో యోహాను సువార్త 11వ అధ్యాయములో చదువుతాము. కొద్దిసేపటిలో లాజరును లేపబోవుచున్నానని ఆయనకు తెలుసు. అయినా అక్కడ ఏడ్చుచున్నవారిని చూచి ఆయన కూడా కన్నీళ్ళు విడిచాడు. ప్రభువే ఏడ్చినప్పుడు మనము ఏడ్చుట పాపమెలా అవుతుంది? యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు దినములు ఏమీ మాట్లాడక అతనితో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. నోరు తెరచి కారణాలు చెప్పడము మొదలుపెట్టాకనే యోబుకు బాధ ఎక్కువైంది. ఆదరణ కూడికకు వెళ్ళేవారు ఇది గుర్తుంచుకొంటే చాలు.

దుఃఖము మనసుకే కాదు, శరీరానికీ తగులుతుంది. నిద్ర పట్టదు, అన్నము సహించదు, గుండెల మీద బరువు పెట్టినట్లుంటుంది. బి.పి., షుగరు అదుపు తప్పుతాయి. భర్తనో భార్యనో పోగొట్టుకొన్న తొలి నెలలలో మిగిలినవారికి గుండెపోటు ప్రమాదము పెరుగుతుందని వైద్యులు గమనించారు. మేము చూచేదేమిటంటే, భూస్థాపన అయ్యేవరకు ఇల్లు నిండా మనుషులుంటారు; నెల తిరిగేసరికి ఎవరూ ఉండరు. ఆ నెలలోనే "ఇంక ఎవరి కోసము?" అని బి.పి. మాత్రలు మానేస్తారు. పరామర్శకు వెళ్ళేవారు ఒక్క ప్రశ్న అడగండి: "మందులు వేసుకుంటున్నారా?" వెళ్ళేటప్పుడు పండ్లతోపాటు కాస్త చారు అన్నము తీసుకొని వెళ్ళి, వారు తినేవరకు కూర్చోండి.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్నప్పుడు దేవుడు అతనికి మొదట ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత ద్వారా రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. రెండుసార్లు తినిపించిన తరువాతనే ప్రయాణము, ఆ తరువాతనే సంభాషణ. ఇది మా నర్సులకు ఎంతో నచ్చే అధ్యాయము.

ఆరు నెలలు దాటినా రోజంతా అదే దుఃఖములో ఉండి స్నానము, భోజనము, ఇంటి పని ఏదీ చేయలేకపోతున్నా, చనిపోవాలని మాటలంటున్నా, దానిని విశ్వాసలోపమని తీసివేయవద్దు. చనిపోవాలన్న మాట వినబడితే ఆరు నెలలు ఆగవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకొనిరండి, వారిని ఒంటరిగా విడువవద్దు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేయవచ్చును.

నొప్పి

నొప్పి ఎందుకు ఉన్నది? దీనిని బాగా అర్థము చేసుకొన్నవారిలో ఒకరు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు ఎందుకు పాడవుతున్నాయో ఆయన పరిశీలించారు. కుష్ఠు క్రిమి నరాలను చంపుట వలన ఆ భాగాలకు నొప్పి తెలియదు. నొప్పి తెలియదు గనుక వేడి గిన్నె పట్టుకొన్నా, మేకు గుచ్చుకొన్నా చెయ్యి, కాలు వెనుకకు తీసుకోరు. గాయము మీద గాయమై అవయవము పోతుంది. నొప్పి తెలియుట దేవుడిచ్చిన వరమని ఆయన చెప్పేవారు. షుగరు వ్యాధి ఎక్కువ కాలము ఉన్నవారి పాదాలకు కూడా ఇదే జరుగుతుంది. అందుకే ప్రతి రాత్రి మీ అరికాళ్ళు చూచుకోండి, లేదా ఇంట్లోవారిచేత చూపించుకోండి అని మరీ మరీ చెబుతుంటాము.

అయితే కావలి కుక్క దొంగను చూచి అరిస్తే మేలు. దొంగ ఎవరో తెలిసిపోయాక కూడా రాత్రంతా అరుస్తూనే ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. క్యాన్సర్ నొప్పి అటువంటిది. చెప్పవలసిన వార్త చెప్పిన తరువాత కూడా అది ఆగదు. దానిని తగ్గించుట మన బాధ్యత.

క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ఒక మెట్ల పద్ధతి చెప్పింది. తక్కువ నొప్పికి పారాసెటమాల్ వంటివి, అంతకన్నా ఎక్కువైతే కొంచెము బలమైనవి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. వీలైనంతవరకు నోటి ద్వారానే, నొప్పి వచ్చేవరకు ఆగకుండా గడియారము చూచి ఇవ్వవలెను. మార్ఫిన్ పేరు వినగానే బంధువులు భయపడతారు. "అలవాటైపోతుందేమో", "అది ఇస్తే ఇక చివరి దశేనా?" అని అడుగుతారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్కప్రకారము ఇచ్చినప్పుడు వ్యసనమగుట అరుదు. అది చావును త్వరపెట్టే మందు కాదు. మొదటి కొద్ది రోజులు మత్తు, వికారము ఉండవచ్చును, తరువాత తగ్గుతాయి. మలబద్ధకము మాత్రము తగ్గదు, కాబట్టి దానికి మందు తప్పక కలిపి ఇస్తారు. దానిని మానవద్దు. మార్ఫిన్ కూడా మీ అంతట మీరు పెంచవద్దు, ఒక్కసారిగా ఆపవద్దు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టము వలన మన దేశములో ఈ మందు రోగులకు దొరకుట చాలా కష్టముగా ఉండేది. 2014లో ఆ చట్టమును సవరించారు. ఇప్పటికీ ఇది అన్ని మందుల షాపులలో దొరకదు. అనుమతి ఉన్న ఆసుపత్రులలో డాక్టరు చీటీ మీదనే ఇస్తారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇటువంటి రోగులకు ఉపశమన చికిత్స విభాగము ఉన్నది.

దీనికి విరుద్ధమైన తప్పు మరొకటి. మోకాళ్ళ నొప్పులకు షాపులో అడిగి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నెలల తరబడి మ్రింగుతారు. వాటివలన కడుపులో పుండ్లు, రక్తస్రావము, కిడ్నీలు పాడగుట జరుగుతాయి. పెద్దవారికి, బి.పి., షుగరు ఉన్నవారికి ప్రమాదము ఇంకా ఎక్కువ.

మందు వేసుకొనుట అవిశ్వాసమా? హిజ్కియా రాజు మరణకరమైన రోగములో ప్రార్థించగా దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. మంచి సమరయుడు గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు. పౌలుతో కూడా వైద్యుడైన లూకా ఉన్నాడు. ప్రార్థన, వైద్యము ఒకదానికొకటి శత్రువులు కావని వాక్యమే చూపుచున్నది. అలాగని ప్రతి నొప్పీ పోతుందని మేము వాగ్దానము చేయము. పౌలు తన శరీరములోని ముల్లు తొలగిపొమ్మని మూడుసార్లు వేడుకొన్నాడు, అది పోలేదు. దానిని మోయుటకు చాలినంత కృప దొరికింది. మూడుసార్లు వేడుకొన్నాడంటే, నొప్పి ఉన్నదని ఆయన దాచలేదన్న మాట.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ గారు మొదట మాలాగే నర్సు. తరువాత సోషల్ వర్కరై, ఆ తరువాత డాక్టరయ్యారు. నొప్పి శరీరములో మాత్రమే ఉండదు, మనసులో, కుటుంబ చింతలలో, ఆత్మలో కూడా ఉంటుంది, నాలుగింటికీ సహాయము కావాలి అని ఆమె బోధించారు. కూతురు పెండ్లి కాలేదన్న దిగులు, తమ్మునితో ఉన్న తగాదా, "దేవుడు నన్ను విడిచెనా?" అన్న ప్రశ్న - వీటికి మాత్ర లేదు. వాటికే చాప్లిన్ అయ్యగారు, బైబిల్ ఉమన్ అమ్మగారు, మీరు కావాలి.

ముసలితనము

డాక్టర్ పాల్ బ్రాండ్ గారి తల్లి ఎవెలిన్ బ్రాండ్ అమ్మగారి సంగతి కూడా చెప్పాలి. తమిళనాడు కొల్లిమలై కొండలలో భర్త జెస్సీతో కలిసి ఆమె సేవ చేశారు. 1929లో మలేరియా ముదిరి వచ్చే జ్వరముతో భర్త చనిపోయారు. అప్పటికి ఆమెకు సుమారు 50 ఏళ్ళు, పిల్లలిద్దరూ ఇంగ్లండులో ఉన్నారు. ఆమె దుఃఖములో కృంగిపోయారు గాని పని విడువలేదు. డెబ్బై ఏళ్ళు దగ్గరపడగా మిషను వారు రిటైరు చేస్తే, తన సొంత ఇష్టముతో మరల కొండలకే వెళ్ళారు. గుర్రము మీద నుండి పడ్డారు, ఎముకలు విరిగాయి, తరువాత వెదురు కర్రలు పట్టుకొని నడిచారు. ఊరి బావుల నీటివలన వచ్చే నారికురుపును ఆ కొండలలో తగ్గించుటకు పాటుపడ్డారు. 1974లో 95 ఏళ్ళ వయసులో మరణించగా భర్త సమాధి ప్రక్కనే ఉంచారు.

అందరూ ఆమెలా కొండలు ఎక్కాలని మేము చెప్పుటలేదు. మంచము దిగలేనివారు కూడా దేవునికి పనికివస్తారు. ఆమె దగ్గర మేము నేర్చుకొన్నది ఆ కర్రల సంగతే. కర్ర పట్టుకొనుటకు ఆమె సిగ్గుపడలేదు. మన ఇళ్ళలో చాలామంది పెద్దలు "కర్ర పట్టుకొంటే ముసలివాళ్ళమంటారు" అని పట్టుకోక, పడిపోయి, తుంటి ఎముక విరిగి మా దగ్గరకు వస్తారు. 65 ఏళ్ళు దాటినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారు.

ఇంట్లోవారు ఈ పనులు చేయండి:

1. మంచము నుండి బాత్‌రూము వరకు రాత్రి చిన్న లైటు వెలుగుతూ ఉంచండి. బాత్‌రూములో గోడకు పట్టుకొనే రాడ్డు పెట్టించండి. తడి నేల వెంటనే తుడవండి.

2. లేవగానే నడవనివ్వవద్దు. మంచము అంచున రెండు నిమిషాలు కూర్చొని లేవమనండి.

3. ఏడాదికొకసారి కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. బైబిల్ చదువుట మానివేశారంటే ఆసక్తి తగ్గి కాదు, శుక్లము వచ్చి కావచ్చును. గుడికి రానంటున్నారంటే ప్రసంగము వినబడక కావచ్చును.

4. నొప్పి ఎంత ఉందో సున్న నుండి పది వరకు లెక్క చెప్పమనండి. "బాగానే ఉన్నాను" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ముఖము, నిద్ర, భోజనము చూడండి.

5. దూరదేశములో ఉన్న పిల్లలు డబ్బు పంపుటతోపాటు, వారానికి ఒకరోజు ఒక గంట నిర్ణయించి మాట్లాడండి. ఆ గంట కోసము వారమంతా ఎదురుచూచే తల్లులను మేమెరుగుదుము.

6. పెద్దలను ప్రార్థన చేయమని అడగండి. వారి కోసము ప్రార్థించేవారు చాలామందే ఉంటారు. వారిని ప్రార్థించమని అడిగేవారు తక్కువ.

మొదట చెప్పిన అమ్మగారి సంగతి ముగించి సెలవు తీసుకొంటాము. మరునాడే డాక్టరుగారు మార్ఫిన్ మొదలుపెట్టారు. రెండవ రాత్రి ఆమె తెల్లవారేవరకు నిద్రపోయారు. ఆదివారము వారి వీధి కూడిక స్త్రీలు చూడవచ్చారు. అందరూ ఆమె కోసము ప్రార్థించబోతే, "ఉండండి, నేను చేస్తాను" అన్నారు. ఆ ప్రార్థనలో, తనకు చాలా నొప్పిగా ఉండినదని, దాచి తప్పు చేశానని, మందు ఇచ్చిన డాక్టర్ల కొరకు, రాత్రి ప్రక్కన కూర్చున్న సిస్టరు కొరకు స్తోత్రమని పలికారు. వచ్చినవారిలో ఒకామె అక్కడే కళ్ళు తుడుచుకొంటూ, తన రొమ్ములో ఉన్న గడ్డను గూర్చి ఎన్నో నెలలుగా ఎవరికీ చెప్పలేదని మాతో చెప్పింది. ఆమెను ఆ సోమవారమే ఓ.పి.లో చూపించాము.

ఐదు వారాల తరువాత ఆ అమ్మగారు తన ఇంట్లో, తన మనుషుల మధ్య ప్రభువునందు నిద్రించారు.

చదువుచున్న మీలో ఎవరైనా నొప్పిని గాని, దుఃఖమును గాని దాచుకొంటూ ఉంటే, ముందు ప్రభువుతో చెప్పండి, తరువాత మాతో చెప్పండి. మా వార్డు తలుపు రాత్రివేళ కూడా తెరిచే ఉంటుంది. ఈసారి మేము స్టూలు వేసుకొని కూర్చొని వింటాము.

సమస్త ఆదరణ ననుగ్రహించు దేవుడు మిమ్మును, మీ ఇంటి పెద్దలను కాపాడును గాక. ఆమేన్.

నర్సింగ్ సూపరింటెండెంట్