చేపలతొట్టెకు పాచి ఎందుకు పడుతుంది?

బంగారుచేపలను పెంచే గాజుతొట్టెను మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరి ఇళ్ళలో ఉండే ఉంటుంది. కొత్తగా తెచ్చిన రోజున దాని అందమే అందం! నీళ్ళు అద్దంలా ఉంటాయి. అడుగున ఇసుకరేణువులను లెక్కపెట్టవచ్చు. నెల తిరిగేసరికి గాజుకు ఆకుపచ్చని మసక కమ్ముతుంది. ఆ మీదట నీళ్ళు కూడా గోరింటాకు నూరి కలిపినట్టు తయారవుతాయి. చేప ఏ మూల ఉన్నదో వెతుక్కోవలసి వస్తుంది.

అప్పుడు చాలా ఇళ్ళలో జరిగే పని ఒకటే. చేపలను ఒక గిన్నెలోకి తీసి, తొట్టెలో నీళ్ళన్నీ పారబోసి, ఇసుకను కుళాయి కింద కడిగి, గాజును సబ్బుతో తోమి, కొత్త నీళ్ళు నింపుతారు. తొట్టె మళ్ళీ తళతళలాడుతుంది. కాని రెండు మూడు రోజులకు ఒక చేప పక్కకు ఒరిగి తేలుతుంది. ఇంకొన్నాళ్ళకు పాచి తిరిగి వస్తుంది. చేప పోయింది గాని, పాచి పోలేదన్నమాట. ఎందుకిట్లా జరిగింది?

పాచి మురికీ కాదు, జబ్బూ కాదు. అది మొక్కలకు దగ్గర చుట్టం. దానికి వేరు లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. చాలా రకాల పాచిలో ఒక్కొక్క ప్రాణి ఒకే ఒక కణం. అది కంటికి ఆనదు. అటువంటివి లక్షలు చేరితే మనకు పచ్చదనం కనబడుతుంది. వరిచేనుకు ఏమేమి కావాలో దీనికీ అవే కావాలి: వెలుతురు, నీరు, బొగ్గుపులుసు వాయువు, కాస్త ఎరువు. తొట్టెలో ఎరువు ఎవరు వేశారంటారా? మనమే! మనం వేసిన మేతలో చేప తినగా మిగిలినది అడుగున పడి కుళ్ళుతుంది. తిన్నది కూడా మలమై నీళ్ళలోకే వస్తుంది. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. రైతు డబ్బు పోసి కొనే ఎరువుల్లో ఉండేవీ అవే.

ఇక చేప ఎందుకు చచ్చిపోయిందో చూద్దాం. చేప విసర్జించేదానిలో అమ్మోనియా ఉంటుంది. అది చేపకే విషం. అయినా తొట్టెలో చేప బతుకుతున్నదంటే, దానికి కనిపించని స్నేహితులు ఉండబట్టే. ఇసుక మీద, రాళ్ళ మీద, నీటిని వడగట్టే స్పాంజిలో కొన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకొక రకం దానిని నైట్రేటుగా మారుస్తుంది. కొంచెం ఉంటే అది చేపను ఏమీ చెయ్యదు. ఇటువంటి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నాయని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు రుజువు చేశాడు. మనం ఇసుకనూ స్పాంజినీ కుళాయి కింద పెట్టి కడిగినప్పుడు ఆ స్నేహితులను చాలావరకు చంపేశామన్నమాట. కుళాయినీటిలో కలిపే క్లోరిన్ ఉన్నదే, అది వాటికీ పడదు, చేపలకూ పడదు. సబ్బు సంగతి చెప్పనే అక్కరలేదు.

కాబట్టి పాచిని పోగొట్టదలచినవాడు తొట్టెను కడగటం కంటే పాచి తిండి తగ్గించటం మంచిది. మొదట వెలుతురు సంగతి. తొట్టె కిటికీ పక్కన ఉంటే, ఎండ తగలని చోటికి మార్పించండి. నీళ్ళు నిండిన తొట్టె మహా బరువు. కొంత నీరు తీసిన తరవాతనే పెద్దలు దాన్ని కదపాలి. దీపం రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలగనక్కరలేదు. నీళ్ళే పచ్చబడి ఉంటే, గాలిపంపు ఆపకుండా, తొట్టెకు మందపాటి దుప్పటి మూడు రోజులు కప్పి ఉంచితే పచ్చదనం చాలావరకు విరుగుతుంది. చచ్చిన పాచి కుళ్ళుతుంది గనక, ఆ తరవాత కొంత నీరు మార్చాలి.

మేత సంగతి ఇంకా ముఖ్యం. రెండు మూడు నిమిషాల్లో చేపలు తినెయ్యగలిగినంతే వెయ్యాలి. ఇంట్లో అన్న ఒక చిటికెడు, చెల్లెలు ఒక చిటికెడు, చుట్టాలు వస్తే వాళ్ళు ఒక చిటికెడు వేస్తే, అది చేపలకు విందు కాదు, పాచికి విందు. మేత వేసే పని ఒక్కరికే అప్పగించటం మంచి పద్ధతి.

వారానికి ఒకసారి పావువంతు నీరు మాత్రం తీసి, ముందురోజే వెడల్పాటి బకెట్టులో పట్టి ఉంచిన నీళ్ళు పొయ్యండి. క్లోరిన్ ఒక రోజులో చాలావరకు ఎగిరిపోతుంది. స్పాంజిని ఆ తీసిన నీటిలోనే పిండాలి. గాజు మీది పాచిని వాడని బ్రష్షుతోనో పాత ప్లాస్టిక్ కార్డుతోనో గీకవచ్చు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు కరెంటు ప్లగ్గులు తీయించటం మరిచిపోకండి.

నత్తలను వేస్తే పాచిని తినెయ్యవా అని మీరు అడగవచ్చు. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి ఇటువంటి చిక్కే వచ్చింది. ఆయన పన్నెండు గ్యాలన్లు పట్టే గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, పట్టీల్లాంటి ఆకులు గల వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ ఉంచాడు. మొక్క వదిలే ప్రాణవాయువు చేపలకు, చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు మొక్కకు సరిపోతాయని ఆయన ఆలోచన. బాగానే ఉంది గాని, పండిన ఆకులు కుళ్ళి నీరు మసకబారింది. గాజుకు పాచి పట్టింది. అప్పుడాయన అయిదారు చెరువునత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకులనూ పాచినీ తిన్నాయి. నత్తలు పెట్టిన గుడ్లను చేపలు తిన్నాయి. నీరు తేటపడింది. ఈ సంగతిని ఆయన 1850లో ప్రకటించాడు. మూడేళ్ళకల్లా, అంటే 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో చేపల గాజుతొట్టెలను జనం చూడటానికి తెరిచారు.

అయితే నత్త మంత్రగత్తె కాదు. అదీ తిని విసర్జిస్తుంది. ఆ ఎరువు మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. వారింగ్టన్ తొట్టెలో అసలు మేలు చేసినది వాలిస్నేరియా అని నాకు తోస్తుంది. బాగా పెరిగే నీటిమొక్కలుంటే పాచికి అందవలసిన ఎరువును అవి ముందే లాగేసుకుంటాయి. హైడ్రిల్లా కూడా ఆ పని చేస్తుంది. పైన తేలే అంతరతామర నీడ కూడా ఇస్తుంది.

దుకాణంలో పాచి తినే సక్కర్ చేప అని అమ్ముతారు. వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అది అడుగుకు మించి పెరుగుతుంది. చిన్న తొట్టె దానికి చాలదు. అప్పుడు జనం దానిని కాలవలోనో చెరువులోనో వదిలేస్తారు. అట్లా వదిలినవాటి సంతానమే ఇప్పుడు మన ఆంధ్ర చెరువుల్లో చేరి, వలలు చింపి, చేపలరైతులను ఏడిపిస్తున్నది. తొట్టెలో చేపను గాని, మొక్కను గాని ఎన్నడూ చెరువులో వదలకండి.

మైలుతుత్తం వేస్తే పాచి చస్తుందని ఎవరైనా చెబితే వినకండి. పాచి చచ్చేమాట నిజమే. దానితోపాటు నత్తలు చస్తాయి, మోతాదు మించితే చేపలూ చస్తాయి.

కొత్త తొట్టెలో గోధుమరంగు పొర కనిపిస్తే భయపడవద్దు. అవి డయాటములు. వాటి పెంకులు గాజును చేసే సిలికాతోనే కట్టుకున్నవి, గాజుతొట్టెలో గాజుపెట్టెలన్నమాట! సాధారణంగా అవి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. నీలిపచ్చని జిగురుపొర కంపు కొడుతుంటే మాత్రం అది అసలు పాచే కాదు, ఒక జాతి బాక్టీరియా. దాన్ని ఊడదీసి పారెయ్యాలి. వీటి పూర్వీకులే 200 కోట్ల ఏళ్ళకంటె చాలా ముందే భూమి మీద గాలిలో ప్రాణవాయువును నింపటం మొదలుపెట్టాయి.

పచ్చబడిన నీటికి ఇంకొక గుణం ఉన్నది. పగలు పాచి ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. భీమవరం, కైకలూరు వైపు పిల్లలు చేపల చెరువుల్లో దీన్ని చూసే ఉంటారు. మీ తొట్టెలో ఇది కనబడితే వెంటనే గాలిపంపు పెట్టించండి.

ఇప్పుడొక పరీక్ష చెయ్యండి. తొట్టెలోంచి తీసిన నీటిని మూడు గాజుసీసాల్లో పొయ్యండి. చేపలను వెయ్యకండి. ఒకటి కిటికీలో, ఒకటి చీకటి బీరువాలో పెట్టండి. మూడవదానిలో హైడ్రిల్లా కొమ్మ వేసి, అదీ కిటికీలోనే ఉంచండి. తేదీ రాసి సీసాలకు అంటించండి. రెండు వారాలపాటు రోజూ ఒకే వేళకు తెల్లకాగితం వెనక పెట్టి చూస్తూ, ఏ సీసా ఎప్పుడు పచ్చబడిందో పుస్తకంలో రాసుకోండి.