రెండు వారాల దగ్గు: ఊళ్లో క్షయను పట్టే పని

పల్లెల్లో క్షయ రోగిని గుర్తించే పని చాలావరకు ఆశా కార్యకర్తతోనే మొదలవుతుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు వచ్చిన ఈ వ్యవస్థలో సుమారు వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా ఉంటుంది. ఆమె ఆ ఊరి మనిషే. గర్భిణుల నమోదు, పిల్లల టీకాలు, బీపీ, షుగర్ సర్వేలు అన్నీ చూసుకుంటూనే ఆమె దగ్గే వాళ్ల కోసం కూడా వెతకాలి.

వెతకడం ఎందుకంటే క్షయ గాలిలో వ్యాపిస్తుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు బయటపడే సూక్ష్మక్రిములను పక్కనున్నవాళ్లు పీలుస్తారు. రాబర్ట్ కోఖ్ ఈ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించింది 1882 మార్చి 24న. ప్రపంచంలోని క్షయ రోగుల్లో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల క్షయ ఉండి మందు పడని మనిషి ఏడాదిలో పది, పదిహేను మందికి దాన్ని అంటించగలడు. మందులు సరిగ్గా పడితే కొద్ది వారాల్లోనే ఆ ప్రమాదం బాగా తగ్గిపోతుంది. అందుకే రోగిని ఎంత త్వరగా పట్టుకున్నారన్న దానిమీదే ఊరి ఆరోగ్యం ఆధారపడుతుంది.

ఒకప్పుడు క్షయ అంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానిటోరియానికి దక్షిణాది అంతటి నుంచీ రోగులు వచ్చేవారు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన అధ్యయనం ఈ పద్ధతిని మార్చేసింది. ఇంట్లోనే ఉండి మందులు వాడినవాళ్లకూ శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమైందని, ఇంట్లోవాళ్లకు అదనంగా ముప్పేమీ పెరగలేదని అది తేల్చింది. క్షయ వైద్యం పల్లె గడపదాకా రావడానికి దారి అక్కడే పడింది.

1960ల మొదట్లో కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో జరిగిన మరో అధ్యయనం గురించి బయట తెలిసింది తక్కువ. పల్లె జనానికి రోగం మీద ఎరుక లేదన్నది అప్పటి వైద్యుల నమ్మకం. తీరా చూస్తే లక్షణాలున్న రోగుల్లో దాదాపు సగం మంది అప్పటికే ఏదో ఒక ఆస్పత్రి గడప తొక్కి వచ్చారు. అక్కడ కళ్లె పరీక్ష చేయకుండా దగ్గు మందు ఇచ్చి పంపేశారు. తప్పు జనానిది మాత్రమే కాదని ఆనాడే తేలిపోయింది. ఆర్‌ఎంపీ దగ్గర సూది, మెడికల్ షాపులో సిరప్‌తో వారాలు గడిపేసే రోగులు ఇప్పటికీ తక్కువేం లేరు.

ఇంటికి వెళ్లినప్పుడు ఆశా అడిగేవి మామూలు ప్రశ్నలే. రెండు వారాలకు మించి దగ్గు ఉందా? సాయంత్రాలు జ్వరం కాస్తోందా? బరువు తగ్గారా? రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? కళ్లెలో రక్తం కనిపించిందా? మెడ దగ్గర గడ్డలున్నాయేమో కూడా చూడాలి, ఎందుకంటే క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. షుగర్ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ సోకినవాళ్లు, పొగ తాగేవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, రాతి క్వారీల్లో దుమ్ము పీల్చేవాళ్లు, గతంలో క్షయ వచ్చి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్ల మీద ఎక్కువ దృష్టి పెడతారు.

ప్రశ్న మామూలుదే అయినా జవాబు రాబట్టడం కష్టం. బీడీ దగ్గని మగవాళ్లు కొట్టిపారేస్తారు. పెళ్లి కావలసిన అమ్మాయి ఉన్న ఇంట్లో మాట దాటేస్తారు. కూలికో వలసకో వెళ్లినవాళ్లు పగలు ఇంట్లో దొరకరు. ఎవరు ఎన్నాళ్లుగా దగ్గుతున్నారో పొరుగువాళ్ల ద్వారా అప్పటికే తెలిసిన మనిషి కాబట్టే ఆశా ఈ అడ్డంకులు దాటగలుగుతుంది. పైనుంచి వచ్చిన సర్వే బృందానికి ఆ వీలుండదు.

అనుమానం కలిగితే కళ్లె తీయించాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. డబ్బాలోకి చాలామంది ఉమ్మి వేసి ఇస్తారు, అది పనికిరాదు. గాలి బాగా ఆడే చోట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలి. రెండు నమూనాల్లో ఒకటి తెల్లవారి లేవగానే తీసింది అయితే మంచిది. పాత పద్ధతిలో దాన్ని సూక్ష్మదర్శినితో చూసేవారు. ఇప్పుడు సీబీనాట్, మన దేశంలోనే తయారైన ట్రూనాట్ యంత్రాలు క్రిమి ఉనికితో పాటు రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా గంటల్లో చెప్పేస్తాయి. యంత్రం వేగంగానే పనిచేస్తుంది. నమూనా ఊరి నుంచి అక్కడికి చేరడానికే ఒక్కోసారి రోజులు పడుతుంది.

ప్రశ్నలకు అందని రోగులూ ఉన్నారు. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో నిర్ధారణ అయిన కేసుల్లో 42.6 శాతం ఎక్స్‌రే తీయకపోతే దొరికేవి కావు. దగ్గు, జ్వరం లాంటివేవీ వాళ్లు చెప్పలేదు. లక్షణాలు ఉన్నవాళ్లలోనూ దాదాపు 64 శాతం మంది వైద్యం కోసం వెళ్లనే లేదు. ఈ లెక్కలు వచ్చాకే చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాల మీద ధ్యాస పెరిగింది. 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల కార్యక్రమంలో వాటిని ఊళ్లకు తీసుకెళ్లారు. లక్షణాలు లేకపోయినా ముప్పు ఎక్కువున్నవాళ్లను శిబిరానికి పిలుచుకురావడం మళ్లీ ఆశా పనే.

రోగం తేలాక మామూలు క్షయకు ఆరు నెలల మందులు ఉచితంగా ఇస్తారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. మందు మొదలైతే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. భయపడక్కర్లేదని ఆ సంగతి ముందే చెప్పకపోతే కొందరు మందు ఆపేస్తారు. ఒంట్లో కాస్త బాగుందనిపించగానే మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. మందులకు లొంగని క్షయకు అదొక దారి. రోగి ఇంట్లో అందరినీ పరీక్షించాలి, క్షయ లేదని తేలినవాళ్లకు, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు, నివారణ మందు ఇవ్వాలి. ఏ జబ్బూ లేని పిల్లవాడికి నెలల తరబడి మాత్రలు వేయమంటే తల్లి ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

తిండి సంగతి విడిగా చెప్పుకోవాలి. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు పోషకాహారం అదనంగా ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. అలాంటి ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగికి నెలకు 500 రూపాయల చొప్పున 2018లో మొదలైన పోషణ సాయం 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ధరలు చూస్తే అదేమంత పెద్ద మొత్తం కాదు.

ఏ పంచాయతీనైనా క్షయరహితంగా ప్రకటించాలంటే ఏడాదిలో వెయ్యి మందికి కేసు ఒకటికి మించకూడదు, వెయ్యి మందిలో కనీసం 30 మంది అనుమానితులకు పరీక్ష జరిగి ఉండాలి. రెండో షరతు లేకపోతే ఎవరినీ పరీక్షించని ఊరు కూడా క్షయరహితమే అయిపోయేది.