మీకు తెలుసా? చలికాలంలో కోడికి చలి కన్నా చెమ్మే చేటు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో అపార్ట్‌మెంట్లు లేచాక పెరళ్లు పోయాయి గానీ కోళ్లు పూర్తిగా పోలేదు. కొన్ని డాబా ఎక్కాయి. వాటర్ ట్యాంకు పక్కన జాలీ గూడు, అందులో నాలుగు పెట్టలు. డిసెంబరు వచ్చిందంటే ఆ గూటి చుట్టూ గోనె పట్టాలు, పాత ఫ్లెక్సీలు సందు లేకుండా బిగించేస్తారు. పాపం, చలేస్తుందని. ఆ జాలిగుణమే కోడి ప్రాణం మీదికి తెస్తుంది.

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. మనకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఈకలు ఉబ్బించుకుని కూర్చుందంటే 12 డిగ్రీల హైదరాబాద్ రాత్రి ఎదిగిన పెట్టకు ఒక లెక్క కాదు. పిల్లల సంగతి వేరు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల దాకా వేడి కావాలి, బల్బు పెట్టాల్సిందే.

మరి చెమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? వానైతే లేదు కదా అంటారు. కోడే తెస్తుంది. ఒక పెట్ట రోజుకు 100 గ్రాములకు పైనే రెట్ట వేస్తుంది. పచ్చి రెట్టలో సుమారు ముప్పాతిక వంతు నీళ్లే. దీనికి తోడు అది వదిలే ఊపిరిలో ఆవిరి. అన్ని వైపులా మూసిన గూట్లో ఆ తేమంతా పోయే దారి లేక కింది ఊకలోకే దిగుతుంది.

కోడికి మూత్రం వేరుగా రాదు. రెట్ట మీద తెల్లగా సున్నం పూసినట్టు కనిపించేదే యూరిక్ ఆమ్లం. అది పొడిగా ఉన్నంతసేపు పేచీ లేదు. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. గాలిలో పదిలక్షల పాళ్లకు 25 పాళ్లు చేరినా చాలు, కోడి శ్వాసనాళంలో దుమ్మును బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. ఆ తర్వాత ఏ జబ్బుకైనా తలుపు తెరిచినట్టే. ఇక్కడో చిక్కుంది. మన ముక్కు ఐదడుగుల ఎత్తున ఉంటుంది, కోడి ముక్కు నేలకు జానెడు పైన. నిలబడి ‘వాసనేం లేదు’ అనేయడం తేలిక. తెల్లవారి గూడు తలుపు తీయగానే గొంతుక్కూర్చుని పీల్చి చూడండి. కళ్లు చురుక్కుమంటే రాత్రంతా కోడి పడిన అవస్థ మీకు తెలుస్తుంది.

గోనె పట్టా కట్టొద్దనడం లేదు. కోడి కూర్చునే ఎత్తులో గాలి కొట్టకుండా కట్టండి, పైన జానెడు సందు వదలండి. వెచ్చటి తేమ గాలి పైకి ఎక్కి అటునుంచి పోతుంది. ఎండెక్కాక పట్టాలు పూర్తిగా ఎత్తేయండి.

కింద ఏం పరవాలి? వరి ఊకను మించింది లేదు. వేసవిలో రెండు మూడు అంగుళాలు చాలు, చలికాలంలో నాలుగు నుంచి ఆరు అంగుళాలు కావాలి. డాబా సిమెంటు రాత్రి చల్లబడుతుంది కాబట్టి అడుగు పలచగా ఉంటే కుదరదు. ఊక దొరక్కపోతే వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టు వాడొచ్చు. ప్లైవుడ్ కోసిన పొడి మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. బూజు వాసన వచ్చే ఊకా వద్దు. ఆ బూజు కోడిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాలు తీస్తుంది. ఇక సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల పుణ్యమా అని పాత దినపత్రికలకు కొదవ లేదు. అయినా పేపరు పరవడం మంచిది కాదు. తడిసిన పేపరు జారుతుంది, కోడిపిల్లల కాళ్లు పక్కలకు విరుచుకుపోతాయి. అది పీల్చుకునే తడీ తక్కువే.

ఊక ఎలా ఉందో చూడటానికి మీటరు అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ముద్దయి అలాగే నిలిస్తే తడి ఎక్కువైనట్టు. గుప్పిట తెరవగానే నెమ్మదిగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. అసలు అంటుకోకుండా రాలి దుమ్ము లేస్తే మరీ ఎండినట్టు. తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉండాలని పౌల్ట్రీ వాళ్లు చెప్పేది ఇలాగే తేలుతుంది. తడి ఎప్పుడూ నీళ్ల గిన్నె చుట్టూ మొదలవుతుంది. గిన్నెను కోడి వీపు ఎత్తున ఇటుక మీద పెడితే సగం బాధ తప్పుతుంది. వారానికి రెండుసార్లు ఊకను అడుగు నుంచి తిరగేయండి, గడ్డకట్టిన చోటు తీసేసి కొత్తది వేయండి.

పూర్తిగా మార్చకుండా పైపైన కొత్త ఊక వేస్తూ పోయే పద్ధతి ఒకటుంది. బద్ధకస్తుల పద్ధతిలా కనిపిస్తుంది గానీ కాదు. 1940లలో అమెరికాలోని ఒహాయో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దీన్ని పరీక్షించారు. పాత లిట్టర్ (ఊక, రెట్ట కలిసిన పరుపు) మీద తిరిగే కోళ్లు మాంసకృత్తులున్న జంతు ఆహారం లేకపోయినా బాగా నెగ్గుకొచ్చాయి. కారణం తర్వాత తేలింది. లిట్టర్‌లోని సూక్ష్మజీవులు విటమిన్ బి12 తయారు చేస్తాయి, కోడి గీరుకుని తినేస్తుంది. ఆ విటమిన్‌ను శాస్త్రవేత్తలు విడదీసింది 1948లో. అయితే షరతు ఒక్కటే, లిట్టర్ పొడిగా ఉండాలి. తడిస్తే అదే లిట్టర్ రక్తపారుడు తెచ్చే కాక్సిడియా గుడ్లు పొదిగే చోటవుతుంది. వెచ్చదనం, తడి, గాలి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే అవి రోగం అంటించే దశకు చేరతాయి.

రాత్రి రెట్టంతా కోళ్లు ఎక్కి పడుకునే కర్ర కిందే పడుతుంది. అక్కడో పాత రేకు పెట్టి రోజూ పొద్దున్నే గీకేస్తే ఊక మీద సగం భారం తగ్గుతుంది. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన జాగ్రత్త. చాలామంది ముందుగా చేసేది సున్నం చల్లడం. సున్నం తడిని పీల్చే మాట నిజమే, కానీ క్షారం కావడంతో ఊకలోని అమ్మోనియాను ఒక్కసారిగా బయటికి తోలుతుంది. కోళ్లను బయటికి వదిలాకే చల్లండి, గాలి ఆడాకే లోపలికి పంపండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ చల్లని, తడి రెట్టలో ఎక్కువ రోజులు బతుకుతుంది. గూటిలోకి వెళ్లే చెప్పులు వేరుగా ఉంచండి, దాణా దగ్గరికి కాకులు రానివ్వకండి. కోడి ముక్కు కారుతున్నా, రెట్టలో రక్తం కనిపించినా నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, ఆలస్యం చేయకండి. తీసేసిన ఊకను పచ్చిగా మొక్కల మొదట్లో వేయకండి, వేర్లు మాడతాయి. రెండు మూడు నెలలు మగ్గనిచ్చాక కుండీలకు వేసుకోండి.